ఏ పార్టునీ తాకని అంచు డేటమ్ (కొలతలు మొదలుపెట్టే ఆధారం) ఎలా అయిందండీ?

పొద్దున్నే ఇంకో డ్రాయింగ్ వచ్చింది. మోటార్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య వేసే అడాప్టర్ ప్లేట్. ఎఫ్‌ఎఫ్ 165 ఫ్లాంజ్, 90 ఫ్రేమ్ మోటార్‌కి వచ్చే మామూలు సైజే: బయటి డయా 200 మిల్లీమీటర్లు, స్పిగాట్ (మోటార్ ఫ్లాంజ్ మధ్యలో ముందుకొచ్చే గుండ్రటి గట్టు) 130, 165 పీసీడీ (హోల్స్ సెంటర్లు పడే వృత్తం డయా) మీద నాలుగు హోల్స్. మన ప్లేటులో ఆ నాలుగూ ఎం10 ట్యాపులు, అంటే 10 బోల్టు బిగే మరల హోల్స్. వాటికి పొజిషన్ 0.2 ఇచ్చారు, అంటే హోల్ సెంటర్ ఉండాల్సిన చోట 0.2 డయా వృత్తంలోనే పడాలి. దేని నుంచి? డేటమ్ ఏ నుంచి. ఆ ఏ ఎక్కడుందా అని వెతికితే 200 బయటి డయా మీద ఉంది. దాని పక్కనే "గ్యాస్ కట్, మెషినింగ్ అక్కర్లేదు" అని నోట్. ఫేస్ ఊసు లేదు, బోర్ ఊసు లేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ అంచు అసెంబ్లీలో దేన్ని తాకుతుందో ఒక్కరు చెప్పండి. మోటార్ కూర్చునేది ఫేస్ మీద. దాన్ని సెంటర్‌లో పట్టుకునేది స్పిగాట్ దిగే 130 బోర్. బయటి అంచు దేనికీ ఆనదు. పైగా అది గ్యాస్‌తో కోసిన అంచు. ఒకచోట లోపలికి తినేసి ఉంటుంది, ఇంకోచోట చిట్టెం గడ్డకట్టి ఉంటుంది. మూడు చోట్ల తాకి కొలిస్తే ఒక సెంటర్, ప్లేటు కాస్త తిప్పి మళ్లీ తాకితే ఇంకో సెంటర్.

లేత్ మీద చక్ దవడల్లో ఆ అంచునే పట్టుకుని బోర్ కొడతారు. తర్వాత వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) మీద, డ్రాయింగ్ చెప్పింది కాబట్టి, మళ్లీ ఆ అంచు నుంచే సెంటర్ తీసి హోల్స్ వేస్తారు. రెండు సెంటర్లూ కలవవు. మోటార్ ఫ్లాంజ్ హోల్ 12, బోల్టు 10. చుట్టూ ఉన్న సందు ఒక్క మిల్లీమీటరు. తేడా అది దాటిందా, స్పిగాట్ బోర్‌లో కూర్చున్నాక బోల్టు దిగదు. రిపోర్టులో మాత్రం నాలుగు హోల్సూ ఓకే అనే ఉంటుంది, ఎందుకంటే కొలిచింది అంచు నుంచి కదా. అప్పుడు ఫిట్టర్ రౌండ్ ఫైల్ తీసుకుని కొత్త మోటార్ ఫ్లాంజ్ హోల్స్‌ని గీకుతాడు. గుండె తరుక్కుపోతుంది అది చూస్తే.

సరిగ్గా రాయడం ఎంతసేపండీ? మోటార్ ఆనే ఫేస్ డేటమ్ ఏ. దానికి ఫ్లాట్‌నెస్ 0.05. 130 హెచ్7 (సైజు ఎంతవరకు మారొచ్చో చెప్పే గ్రేడు) బోర్ డేటమ్ బీ. అది ఏ కి పర్పెండిక్యులర్ 0.03. హోల్స్ పొజిషన్ ఏ, బీ, ఇదే వరసలో. పూర్తయింది.

వరస అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. బోర్ ముఖ్యం కదా అని బీ ని ముందు పెట్టేవాళ్లున్నారు. ఆ స్పిగాట్ బోర్ లోతు ఎంత? నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల గోడ మీద 0.01 వంకర కొలతలోకి వచ్చిందంటే, 165 అడ్డం వచ్చేసరికి అది 0.4 అవుతుంది. 20 లోతు ట్యాపులో యాక్సిస్ 0.05 పక్కకి జరుగుతుంది, పొజిషన్ లెక్కలో అది రెట్టింపై 0.1. ఇచ్చిన 0.2లో సగం పార్టులో తప్పేమీ లేకుండానే పోయింది. వంపును ఫేస్ పట్టుకోవాలి, సెంటర్‌ని బోర్ పట్టుకోవాలి. ఎవరి పని వాళ్లకి ఇవ్వండి.

మూడో డేటమ్ సీ లేకపోతే డ్రాయింగ్ పూర్తి కాదనే జబ్బు ఇంకొకటి. నాలుగు హోల్స్ సమానంగా ఉన్న గుండ్రటి ప్లేటుకి సీ దేనికి? కీవే గాడి ఉంటేనో, డోవెల్ పిన్ను ఉంటేనో, ప్లేటుకి ఒక పక్క ఫ్లాట్ ఉంటేనో పెట్టండి. ఏమీ లేనిచోట సెంటర్ లైన్‌కి సీ తగిలిస్తే ఇన్‌స్పెక్టర్ దేన్ని తాకాలి? సెంటర్ లైన్ కాగితం మీదే ఉంటుంది, ఇనుము మీద ఉండదు.

అసలు ఆ 0.2 ఎందుకు? హోల్ 12, బోల్టు 10, రెండు పార్టులూ పంచుకోవడానికి డయా మీద 2 మిల్లీమీటర్లుంది. మోటార్‌కి సగం వదిలేసినా మనకి 1. 130 మీద బోర్ హెచ్7, స్పిగాట్ జే6 కలిస్తే వదులు మహా అయితే 0.05. దానికీ కొంత తీసేసి 0.8 ఇచ్చి, ట్యాపు కాబట్టి ఫ్లాంజ్ మందం మేర ప్రొజెక్టెడ్ జోన్ (ఆ హద్దును ప్లేటు బయటికి, బోల్టు ఉండే మేర చూడటం) పెడితే బోల్టు హాయిగా దిగుతుంది. దిక్కులేని డేటమ్‌కి బిగుసుకుపోయిన టాలరెన్స్ ఇస్తే రేటు పెరుగుతుందే కానీ ఫిట్ రాదు.

ఇదంతా ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో శంకువుల్ని అడ్డంగా, ఏటవాలుగా కోయిస్తారు. షడ్భుజి పట్టకాన్ని రెండు తలాలకీ వాల్చి ప్రొజెక్షన్ గీయిస్తారు. ఆ పార్టు దేని మీద కూర్చుంటుంది, దేన్ని పట్టుకుంటుంది అని ఒక్క పీరియడ్ అడగరు. ఆ పిల్లలే రేపు ఉద్యోగంలో చేరి పాత డ్రాయింగ్ తెరిచి, టైటిల్ బ్లాక్‌లో పేరు మార్చి, పాత ఏ ని ఉన్నచోటే వదిలేస్తారు.

నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? గీసినవాళ్ల మీద పడదు. బాలానగర్‌లోనో, ఆటోనగర్‌లోనో రెండు మెషిన్లు పెట్టుకుని ఈఎంఐ కట్టుకునే మనిషి మీద పడుతుంది. డ్రాయింగ్‌లో ఉన్నది ఉన్నట్టే చేశాడు. ప్లేట్లు వాపసొస్తాయి, వెనకే డెబిట్ నోట్ (డబ్బు కోస్తున్నామనే చీటీ) వస్తుంది, కారణం దగ్గర "హోల్స్ మిస్‌మ్యాచ్" అని ఒక్క ముక్క. ఆ మనిషి ఫోన్ చేసి "అన్నా, కొలతలన్నీ కరెక్టే కదా" అంటే ఏం చెప్పాలి? కరెక్టే తమ్ముడూ. ఆ డెబిట్ నోట్ వెళ్లాల్సింది డిజైన్ సెక్షన్‌కి.