పాత ఇంజన్ల పిచ్చికీ, పట్టాల మీద జీపు తోలడానికీ ఏం సంబంధం బావా?

పొద్దున్నే మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక రీల్ పడేశాడు. ఎవరో పోరగాళ్లు గేటు దగ్గర జీపును పట్టాల మీదికి ఎక్కించి, కంకర మీద ఎగిరెగిరి పడుతూ తోలుతున్నారు. కింద బావగారి కామెంట్: "మనోడి బ్యాచే గదా!" మనోడంటే నేను. ఇక గ్రూపంతా నవ్వే బొమ్మలు. మా మేనత్త కూడా!

అవును, నాకు పాత ఇంజన్లంటే పిచ్చి. మీటర్ గేజి (సన్న పట్టాల) మీద నడిచిన వైపీ ఆవిరి ఇంజన్ ఫొటో కనబడితే అన్నం సంగతి మరిచిపోతా. అయితే? ఆ రీల్ బ్యాచ్‌కు లైకులొస్తే చాలు, రైలు పట్టాలైనా ఒకటే, పక్కింటి గోడైనా ఒకటే.

బ్రాడ్ గేజి, అంటే మన పెద్ద లైన్లలో రెండు పట్టాల మధ్య వెడల్పు, 1676 మిల్లీమీటర్లు. మామూలు జీపు చక్రాల మధ్య దూరం అంత ఉండదు. రైల్వేవాళ్లు రోడ్డు బండిని పట్టాలెక్కించాలంటే కింద వేరే ఇనుప చక్రాలు దించుతారు. అసలు భయం వేరే ఉంది. రైలు ఇనుప చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపితేనే ట్రాక్ సర్క్యూట్‌కు (పట్టాల్లో పారే కరెంటుతో బండిని పసిగట్టే ఏర్పాటు) అక్కడ బండి ఉందని తెలిసి సిగ్నల్ ఎర్రగా మారుతుంది. రబ్బరు టైర్లతో ఆ పని కాదు. మన హీరో పట్టాల మీద పాటకు ఊగుతుంటే వెనకొచ్చే లోకో పైలట్‌కు పచ్చ లైటు కనిపించొచ్చు. 2025 జూన్‌లో శంకర్‌పల్లి దగ్గర పట్టాల మీద కారు పోయినప్పుడు రైళ్లు ఆగాయి, అందరూ తిట్టారు. ఇప్పుడు అదే జనం షేర్లు కొడుతున్నారు.

పట్టాల మీద బండి నడిపే తెలివి చూడాలంటే పుష్ ట్రాలీని, అంటే పట్టాలు తనిఖీ చేయడానికి మనుషులు తోసే బండిని చూడండి. రైల్వే సారు గొడుగు కింద కూర్చుంటాడు. ట్రాలీమన్లు అరచేయంత వెడల్పు కూడా లేని పట్టా మీద పరుగెత్తుతూ తోసి, ఊపందుకోగానే ఎగిరి వెనక ఎక్కుతారు. వాళ్ల రీల్ ఎవరైనా పెట్టారా?

రైలోళ్లు రోడ్డు బండి నడిపిన చరిత్ర కూడా మనకుంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది, మన ఆర్టీసీకి మూలం అదే. వాళ్లు రోడ్డు మీదే తోలారు మరి!

నేనేమో ఒక స్టేషన్లో ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని, బుద్ధిగా డీజిల్ ఇంజన్ ఫొటో తీస్తే, "ఎందుకు తీస్తున్నవ్, ఎవనికి పంపుతవ్" అని ఫోన్ గుంజుకుని డిలీట్ చేయించారు. జీపోడేమో స్టార్!

ఈ బావ సంగతి ఇంకొకటి చెప్పాలి. మునీరాబాద్–మహబూబ్‌నగర్ లైను 1997-98లో మంజూరైంది. దేవరకద్ర నుంచి కృష్ణా దాకా పట్టాలు కలిసేసరికి 2023 వచ్చింది. దేశమంతా తిరిగి డ్యాములు కట్టి, కట్టలు పోసిన పాలమూరు లేబర్‌కు సొంత గడ్డ మీద రైలు రావడానికి పాతికేళ్లు! ఆ లైను కోసం మేం దరఖాస్తులు పట్టుకుని తిరుగుతుంటే ఈయనే "రైలొస్తే నీకేమొస్తదిరా, పనీపాటా లేదా" అని పెళ్లిలో పది మందిలో నవ్వాడు. ఇప్పుడు అదే లైను మీదున్న మక్తల్‌లో ప్లాట్లు అమ్ముతున్నాడు. పాంప్లెట్ మీద పెద్దక్షరాలతో "రైల్వే స్టేషన్‌కు ఐదు నిమిషాలు" అట. ఏ దారిన పోతే ఐదు నిమిషాలో కొనేవాళ్లు కాస్త అడిగి తెలుసుకోండి.