బోరు పాయింటు చెప్పలేని జియాలజీ డిగ్రీ

మొన్న వేసవిలో మా ఊళ్లో ఒక బోరు వేశారు. పాయింటు చూపించింది కొబ్బరికాయ. అరచేతిలో కాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరిగిన పెద్దాయన, అది నిలువుగా లేచిన చోట ఆగి, చెప్పుతో గీత గీశాడు. ఆ చేను యజమాని కొడుకు బీఎస్సీ జియాలజీ పాసై ఏడాదైంది. గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ‘నువ్వు చదివింది ఇదేగదరా, నువ్వే చెప్పొచ్చుగా’ అని ఎవరో అంటే, ‘మాకు మిషను చూపించలేదు మామా’ అన్నాడు. బోరులారీ మొదట ఎర్ర మొరం తోడింది, తర్వాత బూడిదరంగు రాతిపొడి. ఏడువందల అడుగుల దాకా ఆ పొడే లేచింది.

కుర్రాణ్ని తప్పుపట్టను. అతను చెప్పింది అక్షరాలా నిజం. తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టిరాయి. ఆ రాతికి సొంతంగా నీళ్లు పట్టే గుణం లేదు. పైన చివికి మెత్తబడిన పొరలో, దాని కింద పగుళ్లలో మాత్రమే నీరు నిలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు మూసుకుపోతుంటాయి. అందుకే వెయ్యి అడుగుల బోరు చాలాసార్లు లాటరీ టికెట్టే. కుర్రాడు అన్న మిషను రెసిస్టివిటీ మీటరు. నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలిస్తే చివికిన పొర ఎంత మందం ఉందో అంచనా వేయొచ్చు. కొలవడం ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. ఆ అంకెల్ని అర్థం చేసుకోవడానికే ఏళ్లు పడుతుంది. డిగ్రీలో నేర్పనిది ఏళ్లు పట్టేదాన్ని కాదు, ఆ మధ్యాహ్నాన్ని.

ఎందుకు నేర్పరు? ఉద్యోగాల తలుపు ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియోసైంటిస్ట్ పరీక్షలో జియాలజిస్టు పోస్టుకు గానీ, హైడ్రోజియాలజిస్టు (భూగర్భజలాల నిపుణుడు) పోస్టుకు గానీ పీజీ ఉండాలి. బీఎస్సీతో ఆ గుమ్మం ఎక్కలేరు. దాంతో మూడేళ్ల డిగ్రీ ఎమ్మెస్సీకి వెయిటింగ్ రూమైపోయింది. ‘ఫీల్డు సంగతి పీజీలో చూసుకుంటార్లే’ అనే మాట స్టాఫ్ రూముల్లో నేనే ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ డిగ్రీతో ఆగిపోయి ఊరికి తిరిగొచ్చే పిల్లల సంగతేమిటి? బోర్లు పడుతున్నదీ, క్వారీలు తవ్వుతున్నదీ, రోడ్డు కోసం గుట్టలు కోస్తున్నదీ ఆ ఊళ్లలోనే.

నిజానికి ఈ శాస్త్రానికి తెలుగు నేల కంటే మంచి ల్యాబు దొరకడం కష్టం. మన జనానికి రాళ్లు తెలుసు, పేర్లతో సహా తెలుసు. పలుగురాయి, నాపరాయి, కాకిబంగారం, బలపం, ముగ్గురాయి. మంగంపేట ముగ్గురాయినే పాఠంలో బెరైటీస్ అంటారు. ‘సాపేక్ష సాంద్రత 4.5’ అని పరీక్షలో రాసే విద్యార్థి చేతిలో ఒక్కసారి ఆ రాయి పెట్టి చూడండి. అంత చిన్న ముక్క అంత బరువా అని కళ్లు పెద్దవవుతాయి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో దాన్ని ఎందుకు కలుపుతారో ఆ తర్వాత విడిగా చెప్పక్కర్లేదు. లోపలి ఒత్తిడిని అదిమిపట్టేది ఆ బరువే. బాత్రూం యాసిడ్ ఒలికితే కడప బండ మీద నురగ లేచి తెల్లమచ్చ పడటం ప్రతి ఇంట్లో చూసిందే. సున్నపురాయిని గుర్తుపట్టే మొదటి ప్రాక్టికల్ అదే.

ఇక తిరుపతి. ఊళ్లో ఏ మేడెక్కి చూసినా, కొండ అడుగున ఏటవాలుగా గ్రానైటు, పైన గోడ కట్టినట్టు నిలువుగా, ఇసుకరాయి మారి గట్టిపడిన క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీతే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, జాతీయ భూవిజ్ఞాన స్మారకం. కింది రాయి గట్టిపడి, కోసుకుపోయి, దానిమీద మళ్లీ ఇసుక పేరుకునేలోగా కోట్లాది ఏళ్లు గడిచాయి. రోజూ వేలమంది ఆ గీతను దాటుకుంటూ కొండెక్కుతారు. (దేవుడి కోసం ఎక్కేవాళ్లను ఏమీ అనను గానీ, జియాలజీ విద్యార్థి కూడా బస్సులో నిద్రపోతూ దాటేస్తే ఎట్లా?) అటు హైదరాబాద్‌లో జీఎస్ఐ (భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ) వారి శిక్షణ సంస్థ, భూభౌతిక పరిశోధనలు చేసే ఎన్‌జీఆర్ఐ, అణుఖనిజ డైరెక్టరేట్, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ అన్నీ ఒక్క నగరంలోనే ఉన్నాయి. వంద కిలోమీటర్ల అవతలి డిగ్రీ కాలేజీకి అవి జనరల్ నాలెడ్జి బిట్లు.

ఈ చదువు గురించి మనకు గుర్తొచ్చేది ప్రమాదం జరిగినప్పుడే. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే ఒక వారం. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోతే ఇంకొన్ని వారాలు. ‘షియర్ జోన్’ (రాళ్లు ఒరుసుకుని నలిగి బలహీనపడిన పట్టీ) అనే మాట తెలుగు టీవీలో విన్నది అప్పుడే.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ వచ్చింది. పాత మూడు సబ్జెక్టుల కాంబినేషన్‌లో జియాలజీకి దక్కేది మూడోవంతు సమయమే కనుక, కాగితం మీద ఇది మంచి అవకాశం. అయితే అదనంగా వచ్చిన గంటలన్నీ తరగతి గదిలోనే గడిచిపోతే మారేది నోట్సు మందమే. ఆడపిల్లలను ఫీల్డుకు పంపడం ఎలా అన్న పాత సాకు కూడా ఇక చెల్లదు. భూగర్భ గనుల్లో పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులు మహిళలు చేయడానికి కేంద్రం 2019లోనే అనుమతిచ్చింది. గనిలోకి దిగొచ్చు గానీ గుట్ట ఎక్కకూడదా?

డబ్బు లేదంటారు. ముప్పై మంది పిల్లలకు రెండు రోజుల బస్సు, భోజనం ఖర్చు ఒక ఫెయిలైన బోరు ఖర్చును మించదని నా లెక్క. రెసిస్టివిటీ మీటరు ప్రతి కాలేజీ కొనక్కర్లేదు, జిల్లాకొకటి పెట్టి వంతులవారీగా తిప్పినా సరిపోతుంది. ప్రాక్టికల్ మార్కుల్లో సగం, తన ఊరి రాళ్ల మ్యాపు సొంతంగా గీసినవాడికే ఇస్తామని ఒక్క రూలు పెడితే చాలు, పిల్లలు సుత్తి పట్టుకుని వాళ్లే బయటికి వెళ్తారు.

మా ఊరి కుర్రాడు ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాడు. రెండో బోరుకు వాళ్ల నాన్న మళ్లీ ఆ పెద్దాయన్నే పిలిచాడు.