అత్తయ్య తుంటిలో రాడ్డు

ఒడిశాలోని పర్లాకిమిడి, సాయంత్రం, వీధి అరుగు. మావయ్య ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యారు. మేనల్లుడు ఆసుపత్రులకు రాడ్లు, స్క్రూలు, సిరంజిలు సప్లై చేస్తాడు. అత్తయ్య జారిపడితే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆయుష్మాన్ కార్డు మీద తుంటి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి పది రోజులు.

మావయ్య: ఆపరేషన్ బాగా చేశారు, కాదనను. కానీ మీ అత్త ఒంట్లో పెట్టిన రాడ్డు ఏ కంపెనీదో, ఎంతదో డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదురా.

అల్లుడు: ప్యాకేజీ మావయ్యా. బెడ్డు, మందులు, రాడ్డు, డాక్టరు ఫీజు అన్నీ కలిపి ఒకటే రేటు. అత్తయ్యకు రూపాయి ఖర్చు కాలేదు. లెక్కతో మనకేం పని?

మావయ్య: ఖర్చు కాలేదనకు. ఏడాదికి ఇంటిల్లిపాదికీ ఉన్న 5 లక్షల్లోంచి పోయింది. అది జనం కట్టిన పన్ను. గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్ల సంగతి గుర్తుందా? 2017 ఫిబ్రవరికి ముందు మందు పూత స్టెంటు లక్ష దాటేది. ప్రభుత్వం 29,600 రూపాయల దగ్గర సీలింగ్ పెట్టింది, అంతకు మించి అమ్మకూడదని. ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్లకూ పెట్టింది. స్టెంట్లు మాయమైపోయాయా? లేదే! మరి అంతకుముందు ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్లింది? విరిగిన ఎముకకు వేసే రాడ్డుకు, ప్లేటుకు అలాంటి సీలింగ్ లేదు. ఎమ్మార్పీ ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు, అంతే. మొదటే ధర ఎత్తుగా వేసుకున్నవాణ్ని ఆ 10 శాతం ఏం ఆపుతుంది? పైగా ప్యాకేజీ రేటు మారదు కాబట్టి, రాడ్డు ఎంత చవకదైతే ఆసుపత్రికి అంత మిగులు. మంచంలో ఉన్న మనిషికి ఎమ్మార్పీ తెలియదు, నువ్వు అమ్మిన రేటూ తెలియదు.

అల్లుడు: మిగులు ఆసుపత్రిదైతే అప్పు నాది. సరుకు ముందే ఇచ్చేస్తాను. ఆసుపత్రికి ప్రభుత్వం నుంచి క్లెయిమ్ డబ్బు ఆలస్యమైతే నా బిల్లు ఆగుతుంది, బ్యాంకు వడ్డీ ఆగదు. ఇవన్నీ ప్రభుత్వమే కొని ఇవ్వాలని ఎప్పుడూ అంటారు కదా మీరు? కౌంటర్లో ఉన్నప్పుడు 'స్టాకు లేదు, బయట కొనుక్కో' అని ఎన్ని చీటీలు తిప్పి పంపారు?

మావయ్య: (కాసేపు ఆగి) చాలా పంపాను. గుణుపురం నుంచి బస్సెక్కి వచ్చిన సవర ముసలమ్మను కూడా పంపాను. ఆమె ముఖం ఇంకా మర్చిపోలేదు.

అల్లుడు: శ్రీకాకుళం వెళ్దామంటే మీరే వద్దన్నారు. 2025 ఏప్రిల్లో ఒడిశాకు ఈ కార్డు వచ్చింది, రాష్ట్రం దాటినా చెల్లుతుంది. అక్కడ డాక్టరు అన్నీ తెలుగులో చెప్పేవాడు.

మావయ్య: ఇక్కడి డాక్టరూ తెలుగులోనే చెప్పాడు! 1936లో మన ఊరిని ఇటు ఒడిశాలో వేశారు. ఒడియాలో రిజిస్టర్లు రాసినవాణ్ని, నాకు భాష అడ్డమా? మాట మార్చకు.

అల్లుడు: మార్చడం లేదు. ఇంప్లాంట్ స్టిక్కరు, అంటే రాడ్డు ప్యాకెట్లో వచ్చేది, బిల్లు అప్‌లోడ్ చేయకపోతే ఇలాంటి క్లెయిములు పాసవవు. లెక్క ఉంది.

మావయ్య: ఆఫీసు దగ్గర ఉంది. మీ అత్త దగ్గర లేదు. రేపు ఆ రాడ్డు వంగితే బ్యాచ్ నంబరు ఎవరిని అడగను?

అల్లుడు: ప్యాకెట్లో బ్యాచ్ నంబరున్న స్టిక్కర్లు ఒకటికి మించే ఉంటాయి. డిశ్చార్జి కాగితం మీద ఒకటి అంటించొచ్చు.

మావయ్య: పక్కన నువ్వు అమ్మిన రేటు కూడా రాయాలి.

అల్లుడు: అది కుదరదు మావయ్యా. ఇంకో సప్లయరు చూసి నాకంటే తగ్గించి ఇస్తాడు.

మావయ్య: తగ్గించనీరా.