కెటిల్ కంటే ముందు బల్ల కొనండి

అమెరికాలో ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టిన మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది కెటిల్ గురించే, అంటే బీరు కాచే పెద్ద గిన్నె. ఎన్ని గ్యాలన్లది కొనాలి, ఎలక్ట్రిక్ మంచిదా ప్రొపేన్ మంచిదా, కాచినదాన్ని చల్లార్చే చిల్లర్ ఏది తీసుకోవాలి. సరే, ఇదంతా దేనిమీద పెడుతున్నావు తమ్ముడూ అంటే, "గరాజ్‌లో ఫోల్డింగ్ టేబుల్ ఉంది కదన్నా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్క వేసుకోండి. 5 గ్యాలన్ల బీరు కావాలంటే పొయ్యి మీదికి ఎక్కేది దాదాపు 7 గ్యాలన్ల వోర్ట్, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి తీసిన తీపి రసం. గ్యాలన్ నీళ్లే 3.8 కిలోల దాకా తూగుతాయి, మాల్ట్ చక్కెరలు కలిశాక ఇంకాస్త ఎక్కువ. కెటిల్‌తో కలిపితే 30 కిలోల పైమాటే. అంత బరువు, అదీ కుతకుత ఉడుకుతున్నది, సన్నటి మడత కాళ్ల ప్లాస్టిక్ బల్ల మీదా? వేడికి ప్లాస్టిక్ మెత్తబడి మధ్యలో కుంగుతుంది. కాలి దగ్గర లాక్ జారిందంటే ఆ వోర్ట్ వచ్చి పడేది మీ తొడల మీద. ఆదివారం పూట నాన్న ఏం చేస్తున్నాడో చూద్దామని పిల్లలు గరాజ్‌లోకి వస్తారు. దయచేసి ఆ బల్లని పుట్టినరోజు పార్టీలకు ఉంచేయండి.

కొంచెం డబ్బు పెట్టేవాళ్లు చెక్క వైపు వెళ్తారు. చెక్క ముక్కలు అతికించి చేసిన బుచర్ బ్లాక్ చూడటానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ వోర్ట్ అంటేనే క్రిములకు విందు భోజనం. చెక్క సందుల్లోకి, పగుళ్లలోకి దిగిందంటే ఎంత తుడిచినా పూర్తిగా రాదు. పొట్టు చెక్క మీద ప్లాస్టిక్ పొర అతికించిన లామినేట్ ఇంకా ఘోరం. అంచు పట్టీ కాస్త లేచినచోట నీళ్లు దిగి లోపలి పొట్టు చెక్క ఉబ్బిపోతుంది. ఆ పట్టీని గోటితో లేపి చూడండి, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) నలకలు గోధుమరంగు జిగురులో అంటుకుని, పులిసిన వాసన వస్తుంటుంది. చల్లారిన వోర్ట్‌ని పులియబెట్టే ఫెర్మెంటర్‌లోకి దించేది ఆ అంచు పక్కనే. ఇక ఈస్ట్ ఎంత మంచిది తెచ్చి ఏం లాభం?

రాయి అంటే మనకి నమ్మకం. చిన్నప్పటి నుంచి చూసింది వంటింటి గట్టునే కదా. అయితే ఆ గట్టు మీద కడప బండ వేసిన ఇళ్లలో చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికినచోట మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగలడం గుర్తుందా? కడప బండ సున్నపురాయి జాతి, పులుపు దాన్ని తినేస్తుంది. మనం బీరు కాచే రోజంతా చల్లే స్టార్ శాన్ అనే శానిటైజర్‌లో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం. పాలరాయి మీద పడినా ఇదే గతి. చీమకుర్తి గ్రానైట్ ఆమ్లానికి అలా లొంగదు, కానీ వోర్ట్‌లో చక్కెర కొలిచే గాజు హైడ్రోమీటర్ చెయ్యి జారి దానిమీద పడితే ఇక ముక్కలే.

అందుకే నా ఓటు రెస్టారెంట్ల వాళ్లు వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రెప్ టేబుల్‌కే. సందులుండవు, ఆమ్లానికి చెదరదు, వేడి గిన్నె తగిలినా దానికేం కాదు. కొనేముందు జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్లండి. పై రేకుకి గట్టిగా పట్టుకుంటే అది చాలావరకు 430 రకం, తడి గరాజ్‌లో త్వరగా తుప్పు పడుతుంది. మనకి కావాల్సింది నికెల్ ఉన్న 304. గేజ్ నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, కాబట్టి 18 కంటే 16 మేలు. చవక బల్లలకి కింది అర గాల్వనైజ్డ్ రేకుతో వస్తుంది. దానిమీద శానిటైజర్ బకెట్ ఒలికితే జింక్ పూత పోతుంది, చూసుకోండి. అంచు కొంచెం పైకి లేచి ఉండే మెరైన్ ఎడ్జ్ దొరికితే వదలొద్దు, ఒలికింది నేలకి దిగదు.

బ్లీచ్‌తో మాత్రం తుడవకండి. క్లోరిన్ స్టీల్‌కి చిన్న చిన్న గుంటలు పెడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇండక్షన్ పొయ్యి వాడేవాళ్లు దాన్ని నేరుగా స్టీల్ మీద పెట్టొద్దు, కింద మందపాటి చెక్క పలక వేయండి. ప్రొపేన్ బర్నర్ బల్ల మీదికే కాదు, గరాజ్‌లోకే తేవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలొద్దు. బయట నేల మీద, తక్కువ ఎత్తు స్టాండ్ మీద కాయండి. 36 అంగుళాల ఎత్తున్న బల్ల మీదికి మరిగే కెటిల్ ఎత్తడం నడుముకీ ప్రాణానికీ మంచిది కాదు, పంపు పెట్టి తోడండి.

ఇండియాలో ఉన్నవాళ్లు కాపీ కొట్టకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్స్ లేకుండా బీరు కాయడం నేరం. ఇక్కడ అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంటి అవసరానికి ఏడాదికి ఒక్కరున్న ఇంట్లో 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 దాకా పన్ను లేకుండా కాచుకోనిస్తుంది.

మాల్ట్ మరపట్టే మిల్లు కూడా ఈ బల్ల మీద వద్దు. గింజల పొట్టు నిండా లాక్టోబాసిల్లస్ అనే పులుపెక్కించే బ్యాక్టీరియా ఉంటుంది, ఆ దుమ్ము ఫెర్మెంటర్‌లో పడితే బీరు పులిసిపోతుంది. మిల్లుకి వరండాలో ఒక మూల, ఇంకో పాత బల్ల చాలు. మీ ఫోల్డింగ్ టేబుల్ దానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.