స్లాబు కోసం కూపన్ భోజనం పెడుతూ మటన్ బిర్యానీ ఏంటండీ?

చర్చిలో కోత పండుగ, అంటే పంట చేతికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే పండుగ, దగ్గర పడింది. పారిష్ హాలుకి స్లాబు వేయాలి, డబ్బు కావాలి, ఆరాధన అయ్యాక భోజనం పెట్టి కూపన్లు అమ్ముదాం. ఇంతవరకూ కమిటీలో అందరిదీ ఒకే మాట. ఏం వండాలన్న దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "పెడితే మటన్ బిర్యానీయే పెట్టాలి, లేకపోతే సంఘం పరువేం కాను" అంటాడు. పాస్టర్ అయ్యగారు నవ్వి ఊరుకుంటారు. స్త్రీల మైత్రి (చర్చిలో ఆడవాళ్ల బృందం) అక్కలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మెనూ ఖాయమైపోతుంది.

నిరుడు మాకు తెలిసిన ఒక సంఘంలో అచ్చం ఇలాగే జరిగింది. జనం బాగానే వచ్చారు, బిర్యానీ అదిరిందన్నారు, స్టేటస్‌లు పెట్టుకున్నారు. సాయంత్రం ఖర్చులు తీసేసి చూస్తే మిగిలింది సెంట్రింగ్ వాళ్ల అడ్వాన్సుకి కూడా చాలలేదు. ఆ హాలు మీద ఇప్పటికీ రేకులే.

గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14వ అధ్యాయంలో ప్రభువే అడిగాడు. కానుకల కోసం మైకు పట్టుకున్న ప్రతిసారీ ఆ వచనం మనకి గుర్తొస్తుంది. వంట సరుకుల చీటీ రాసేటప్పుడు మాత్రం గుర్తురాదు.

సరే, లెక్కే చూద్దాం. రెండు వందల మంది అనుకోండి. మనిషికి నూట యాభై గ్రాములు వేసుకున్నా ముప్పై కిలోల మాంసం. మటన్ కిలో తొమ్మిది వందలు అనుకుంటే ఇరవై ఏడు వేలు. కూపన్ నూట యాభై పెట్టి రెండు వందలూ అమ్ముడుపోతే చేతికొచ్చేది ముప్పై వేలు. ఇంకా బాస్మతి కొనలేదు, నెయ్యి కొనలేదు, వంట మాస్టర్ కూలీ ఇవ్వలేదు, టెంట్ హౌస్ గిన్నెల అద్దె కట్టలేదు. అదే ముప్పై కిలోలు కోడి అయితే, కిలో రెండు వందల నలభై అనుకున్నా ఏడు వేల రెండు వందలు. తేడా దాదాపు ఇరవై వేలు. స్లాబుకి వెళ్లాల్సిన డబ్బు మటన్ కొట్టుకి వెళ్తోందన్నమాట.

"అయితే చికెన్ బిర్యానీ పెడదాం" అంటారని తెలుసు. నేను అదీ వద్దంటాను. బగారా అన్నం (మసాలా దినుసులు వేసి వండే అన్నం), కోడికూర పెట్టండి. మన తెలంగాణలో పెళ్లయినా, పుట్టినరోజైనా ఈ జోడీని కాదన్నవాడు ఉన్నాడా?

బిర్యానీలో అన్నం, మాంసం ఒకే గిన్నెలో ఇరుక్కుపోతాయి. జనం ఎక్కువ వస్తే అప్పటికప్పుడు పెంచలేం, తక్కువ వస్తే మిగిలింది మొత్తం నష్టమే. బగారా అలా కాదు. కూర ఒకసారి వండి పెట్టుకుంటే అన్నం విడతలుగా వండుకోవచ్చు. ప్రత్యేక ప్రసంగీకుడు పన్నెండున్నరకి ముగిస్తాడో ఒంటిగంటన్నరకి ముగిస్తాడో దేవుడికే తెలియాలి. పొద్దున తొమ్మిదింటికి దమ్ వేసిన బిర్యానీ రెండింటికి తినడమంటే కడుపుకీ మంచిది కాదు. బగారాకి ఎసరు పెట్టి ఉంచుకుంటే చాలు, చివరి ప్రార్థన మొదలయ్యాక బియ్యం వేసినా వడ్డన వేళకి వేడివేడిగా దిగుతుంది.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. మా వైపు కోత పండుగలు ఎక్కువగా నవంబర్‌లో పడతాయి. అంటే కార్తీకం. ఊళ్లో సగం ఇళ్లలో నీచు ముట్టరు కాబట్టి కోడి ధర దిగుతుంది. అది మనకి లాభం. కానీ మన కూపన్లు కొనేవాళ్లలో పక్కింటి ఆంటీలు, కొలీగ్స్, కిరాణా షాపు అన్నలు కూడా ఉంటారు కదా. "కార్తీకం కదా, నేను తిననమ్మా" అని మొహమాటానికి డబ్బులిచ్చి రాకుండా ఊరుకుంటారు. కొందరైతే కొనరు కూడా. బగారా అన్నంలో మాంసం ఉండదు కాబట్టి అదే అన్నం, పక్కన గుత్తి వంకాయ, పప్పుచారు పెడితే వాళ్లకీ భోజనం సిద్ధం. ఆ కూర వేరే పొయ్యి మీద, వేరే గరిటెతో చేయండి, ఆ మాట కూపన్ మీద అచ్చు వేయండి. అప్పుడు ధైర్యంగా వస్తారు. గుడ్డు కూర చౌక కదా అనేవాళ్లకి ఒక మాట: చలికాలంలో, పైగా కేకుల సీజన్ ముందు, గుడ్డు ధర ఎక్కుతుంది.

బియ్యం దగ్గర జాగ్రత్త. కోత పండుగకి రైతు కుటుంబాలు కొత్త బియ్యం సంచులు తెచ్చి బల్ల ముందు పెడతాయి. "ఇంత బియ్యం ఉండగా కొనడమెందుకు" అని అవే వండితే బగారా కాదు, సంగటి అవుతుంది. కొత్త బియ్యం మెత్తబడుతుంది. వాటిని వేలంలో పెట్టండి, లేదా కొట్టులో ఇచ్చి పాత సోనా మసూరి మార్చుకోండి. బాస్మతి అక్కర్లేదు. కిలో ఎనిమిది, పది మందికి వస్తుంది, ఇరవై నాలుగు కిలోలు ఉంటే గండం గడుస్తుంది. పుదీనా, షాజీరా, పచ్చిమిర్చి, ఉల్లిపాయ బాగా ఎర్రగా వేగితే ఎవరూ బాస్మతిని తలుచుకోరు. తీపి అంటే డబల్ కా మీఠా. బ్రెడ్డు, పంచదార, పాలు, అంతే. గులాబ్ జామూన్ లెక్కపెట్టి పెట్టాలి, పిల్లలు మళ్లీ వస్తారు, గొడవ.

వడ్డన గురించి కూడా చెప్పాలి. అన్నం, పప్పుచారు, పెరుగు చట్నీ ఎంత అడిగితే అంత. కోడికూర బకెట్ ఎవరి చేతిలో ఉందన్న దానిమీదే లాభనష్టాలు తేలిపోతాయి. ప్రతి సంఘంలోనూ ఒక దొడ్డ మనసు బాబాయ్ ఉంటాడు. "తినరా తమ్ముడూ" అని ముందొచ్చిన యాభై మందికే సగం బకెట్ ఖాళీ చేస్తాడు. ఆయన్ని ప్రేమగా నీళ్ల క్యాన్ల దగ్గర నిలబెట్టండి. కూర గరిటె మాత్రం స్త్రీల మైత్రిలో నెల ఖర్చు రాసుకునే అక్క చేతికి ఇవ్వండి. నాలుగు ముక్కలు, మీద కొంచెం గ్రేవీ, నవ్వుతూ "తర్వాత అన్నా" అనడం ఆమెకి వచ్చు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ముఖ్య అతిథుల టేబుల్. మిగతావాళ్లంతా ఎండలో లైన్‌లో ఉంటే, వాళ్లకి తెల్లగుడ్డ పరిచిన టేబుల్, లెగ్ పీసులు, వాటర్ బాటిళ్లు. పైగా కూపన్ కూడా ఉండదు. ముందు కూర్చున్నవాళ్లు కడుపునిండా తిని, వెనకొచ్చిన పేదవాళ్లు ఆకలితో ఉండటం చూసే కదా కొరింథు సంఘానికి పౌలు ఆ చీవాట్లు పెట్టింది, మొదటి పత్రిక 11వ అధ్యాయంలో! మనం ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చే ప్రతి ఆదివారం అదే అధ్యాయం చదివి, అదే పని చేస్తున్నాం.

అలాగే కూపన్ ధర. కూలికి వెళ్లే ఇంట్లో ఐదుగురుంటే ఏడు వందల యాభై. వాళ్లు ఏదో పని ఉందని చెప్పి ఆరాధన కాగానే వెళ్లిపోతారు, మనం "ఈమధ్య వాళ్లు కలవట్లేదు" అంటాం. పిల్లలకి సగం ధర పెట్టండి. ఉద్యోగస్తుల చేత ఐదేసి, పదేసి ఎక్కువ కొనిపించి వాటిని స్త్రీల మైత్రి చేతికి ఇస్తే, వాళ్లు ఏ ఇంటికి ఇవ్వాలో ఆ ఇంటికి చడీచప్పుడు లేకుండా చేరుస్తారు. ఆ కూపన్లకి వేరే రంగు మాత్రం వేయకండి. నేను చూశాను వేరే రంగు వేయడం. సరుకులిచ్చిన వాళ్ల పేర్లు మైకులో చదవడం కూడా మానేస్తే బాగుండు. నూనె డబ్బా ఇచ్చినాయన పేరు రెండుసార్లు, చింతపండు ఇచ్చిన అవ్వ పేరు ఒక్కసారి కూడా లేదు.

పరువు అంటారా? మెదక్ చర్చి కరువు రోజుల్లో లేచింది. మిషనరీ పోస్నెట్ దొర పనికొచ్చిన వాళ్లకి తిండి పెడుతూ కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పనివాళ్లకి మటన్ బిర్యానీ పెట్టలేదని ఎవరూ అనలేదు. ఇవాళ దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి తలెత్తి చూస్తున్నారు.

వచ్చే ఆదివారం మా కమిటీ కూర్చుంటోంది. మటన్ మాట ఎవరైనా ఎత్తితే నేను అడగబోయేది ఒక్కటే: ఆ ఇరవై వేల తేడా మీ జేబులోంచి ఇస్తారా అన్నా? ఇస్తానంటే చాలా సంతోషం, రసీదు అప్పుడే రాస్తాం, స్లాబు ఖాతాలో. భోజనానికి మాత్రం బగారాయే.