సవరణ: ర్యాక్ బరువు లెక్కలో నేను చేసిన తప్పు

కర్నూలు బియ్యం గోదాముల్లోని ప్యాలెట్ ర్యాకుల (సంచులు పేర్చిన చెక్క ప్యాలెట్లను అరల్లో పెట్టే ఇనుప చట్రాల) గురించి పోయిన వారం రాసినదాంట్లో పెద్ద తప్పు దొర్లింది. ర్యాక్‌కు తగిలించిన బరువు పరిమితి బోర్డు మీద 2000 కిలోలు అని ఉంటే అది ఒక్కో బీమ్‌కు, అంటే అరను మోసే ఒక్కో అడ్డ కమ్మీకి అనుకొని, ముందూ వెనకా రెండూ కలిపి ఒక్కో అర మీద 4000 పెట్టొచ్చని రాశాను. కాదు. ఆ అంకె బీమ్‌ల జతకు. అదీ బరువు అంతటా సమానంగా పరుచుకున్నప్పుడే. నా లెక్క నమ్మి ఎవరైనా సరుకు ఎక్కించి ఉంటే ముందు దించండి, నన్ను తర్వాత తిడుదురు గాని.

ఇంకోటి. ప్యాలెట్ మీద 25 కిలోల సోనా మసూరి సంచులు 40 పెడితే వెయ్యి కిలోలు, అలాంటి ప్యాలెట్లు రెండు ఆ 2000 కిలోల అరకు సరిగ్గా సరిపోతాయన్నాను. చెక్క ప్యాలెట్ బరువు మర్చిపోయాను! ఒక్కోటి 20 కిలోలు వేసుకున్నా మొత్తం 2040. పరిమితి దాటిపోయింది. ప్యాలెట్‌కు 39 సంచులతో ఆపాలి.

కింది బీమ్‌ను పైకి జరిపితే ఏమీ కాదని ఒకరికి జవాబిచ్చాను, అదీ వెనక్కి తీసుకుంటున్నాను. నేలకూ మొదటి బీమ్‌కూ మధ్య ఎడం పెరిగేకొద్దీ నిలువు కాళ్లు తక్కువ బరువుకే వంగిపోతాయి. ఆయిలర్ సూత్రం ప్రకారం సన్నని స్తంభానికి ఆధారం లేని పొడవు రెట్టింపైతే మోసే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. బీమ్ జరిపితే బోర్డు మీది అంకె ఇక చెల్లదు, తయారీదారుతో కొత్త లెక్క వేయించుకోవాల్సిందే.

ఫోర్క్‌లిఫ్ట్ తగిలి సొట్టపడిన కాలిని సుత్తితో సరిచేసి వాడొద్దన్న మాటలో మాత్రం మార్పు లేదు.