డబ్బా తిండి అంత విషమేనా? ఆ మెసేజ్‌ల ప్రతి ముక్కకు జవాబు

కొన్ని రోజుల సంది మా దిక్కు గ్రూపులల్ల ఒకటే మెసేజ్ తిరుగుతుంది, చుట్టాల గ్రూపుల అదే, బత్తాయి రైతుల గ్రూపుల అదే. సంగతేందంటే, టిన్ను డబ్బాల తిండి రెండు మూడేండ్లు పాడు కాదంటే అండ్ల కెమికల్ కలిపినట్టే, అది తింటే క్యాన్సర్ వస్తది, ఎముకలు వంకరైతయి, అండ్ల బలం సున్నా, ఆ ఫ్యాక్టరీలు రైతుల్ని ముంచుతున్నయి, అందుకే ఇంట్లనే కూర వండి గాజు సీసాల పోసి, మూత బిగించి, కుక్కర్ల మూడు విజిల్స్ రానిస్తే ఆరు నెలలు ఉంటది, మన తాతలు గట్లనే చేసిన్రు అని. మొదటి నాలుగు ముక్కలు నవ్వుకొని వదిలేయొచ్చు గానీ ఆ చివరిది పాణం తీసేది, అందుకే ఇంత రాస్తున్న.

ముందుగాల కెమికల్ ముచ్చట. మన నల్గొండ, పాలమూరు దిక్కు డబ్బాలు ఇండ్లల్ల తక్కువ, ఫంక్షన్ హాల్ వెనక వంటోళ్ల దగ్గర ఎక్కువ. పైనాపిల్ ముక్కలు, పుట్టగొడుగులు, రసగుల్లా, మ్యాంగో పల్ప్. ఈసారి పెండ్లికి పోయినప్పుడు పారేసిన పైనాపిల్ డబ్బా ఒకటి తీసుకొని లేబుల్ చదవండి. మామూలుగా పైనాపిల్, చక్కెర, నీళ్లు, 330 అని ఒక నంబరు, అంతే ఉంటది. 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయ పులుపు. పాడు కాకుండ వేసే మందుల నంబర్లు వేరే, 211, 202 అట్లాంటివి, అవి కావాల్నంటే టమాటా సాస్ సీసా మీద, స్క్వాష్ సీసా మీద చూడండి, ఎందుకంటే అవి మూత తీసి నెలల తరబడి వాడుతరు. డబ్బాకు ఆ అవసరమే లేదు. గాలి చొరకుండ మూత మూసినంక డబ్బాతోని సహా వేడి చేస్తరు, లోపలి క్రిములు చస్తయి, బయటివి లోపలికి పోలేవు. ఫ్రాన్స్‌ల నికోలా అపెర్ అనే మిఠాయిలు చేసే ఆయన ఇదే పని గాజు సీసాలతోని చేసి, 1810ల పుస్తకం రాసి, సర్కారు దగ్గర 12,000 ఫ్రాంకులు తీసుకున్నడు. తిండిని పాడు చేసేది క్రిములని పాశ్చర్ నిరూపించింది ఇంకో యాభై ఏండ్లకు. అంటే కారణం తెల్వకముందే పని నడిచింది, అండ్ల మందు ఏం లేదు, వేడి తప్ప.

క్యాన్సర్, ఎముకలు. ఇండ్ల ఒక పిసరు నిజముంది, దాన్ని దాచొద్దు. డబ్బా లోపల పూత పూస్తరు, దాంట్ల చాన ఏండ్లు బీపీఏ అనే పదార్థం వాడిన్రు, అది హార్మోన్ల మీద పని చేస్తదని యూరప్ వాళ్లు 2024 డిసెంబర్ల తిండి తగిలే ప్యాకింగులల్ల దాన్ని నిషేధించిన్రు, కంపెనీలకు మారడానికి కొంత గడువు ఇచ్చి. పాతకాలంల డబ్బా అతుకులు సీసంతోని మాటు వేసేది, అది కూడా నిజంగనే చెడ్డదే, ఇప్పుడు అతుకులు వెల్డింగ్ చేస్తరు. కావట్టి రోజూ మూడు పూటలు డబ్బా తిండే తినేటోడు ఆలోచించుకోవాలె. యాడాదికి నాలుగు పెండ్లిళ్లల్ల రెండు ముక్కలు పైనాపిల్ తిన్నోనికి క్యాన్సర్ అంటే అది భయపెట్టుడు తప్ప ఇంకేం కాదు. ఇగ ఎముకలు వంకరైతయని మన నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు వాళ్లకు పంపినోడు ఎవడో గానీ వానికి దండం పెట్టాలె! అక్కడ ఎముకలు ఎందుకు వంగినయో చిన్న పిల్లగాన్ని అడిగినా చెప్తడు, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. వాళ్లు డబ్బాలు కొనుక్కొని తిన్నోళ్లు కాదు, ఆ నీళ్లు తాగినోళ్లు.

బలం సున్నా అన్నది కూడా తప్పే. వేడికి సీ విటమిన్, బీ1 కొంత పోతయి, ఇంట్ల పొయ్యి మీద వండినా పోతయి. ప్రోటీన్ ఎక్కడికీ పోదు. అమెరికాల 1865ల మిస్సోరి నదిల మునిగిన బెర్ట్రాండ్ అనే స్టీమర్‌ల దొరికిన డబ్బాలను 1974ల పరీక్ష చేస్తే క్రిములు పెరగలేదు, సీ విటమిన్ చాన వరకు పోయింది, రంగు, వాసన పోయినయి. అట్లని వందేండ్ల డబ్బా తినమని కాదు. డబ్బాల అసలు చూడాల్సింది ఉప్పు, చక్కెర. షుగర్ ఉన్నోళ్లకు రసగుల్లా పాకం, బీపీ ఉన్నోళ్లకు పుట్టగొడుగుల ఉప్పునీళ్లు పడవు, ఆ ముచ్చట మెసేజ్‌ల ఒక్క అక్షరం లేదు.

రైతుల్ని ముంచుతున్నయట. చిత్తూరు దిక్కు తోతాపురి కాయ చాన వరకు పోయేది పల్ప్ ఫ్యాక్టరీలకే, అవి కొనకపోతే ఆ కాయను కిలోల లెక్కన తినేటోడు ఎవడు? రేటు కాడ కొట్లాట ఉంటది, అది వేరే, ఫ్యాక్టరీ వద్దన్న రైతును నేనైతే చూడలే. మన కొల్లాపూర్ మామిడి పచ్చిగనే బాటసింగారం మార్కెట్‌కు పోతది, గాలిదుమారం కొట్టి కాయ రాలితే అడిగేటోడుండడు. బత్తాయి కథ ఇంకో తీరు. బత్తాయి రసం పిండి కొంచెం సేపు పక్కన పెట్టి తాగి చూడండి, చేదు. రసంల లిమోనిన్ అనేది మెల్లగ తయారైతది, వేడి చేస్తే ఇంకా తొందరగ వస్తది. డబ్బాల పెట్టాలంటే వేడి చేయాలె, వేడి చేస్తే చేదు, ఆ చేదు తీయనీకి వేరే మిషన్లు కావాలె, వాటికి పైసలు కావాలె. నల్గొండల ఇంత బత్తాయి ఉండి బత్తాయి రసం డబ్బా షాపుల కనబడకపోవడానికి ఇదొక కారణం. మన బాధ ఫ్యాక్టరీలు ఎక్కువై కాదు, లేక!

ఇగ ఆ సీసాల ముచ్చట. మట్టిల క్లాస్ట్రీడియం బొటులినం అనే క్రిమి ఉంటది, కూరగాయలకు, మాంసానికి అంటుకొని వస్తది. దాని గింజల్లాంటి రూపం మరిగే నీళ్లల్ల కూడా చావదు. దానికి గాలి పడదు, పులుపు పడదు, ఎక్కువ ఉప్పు పడదు. మరి పప్పో మటన్ కూరో సీసాల పోసి మూత బిగించి వేడి చేసినమనుకో, గాలి పోయింది, దానికి పోటీ వచ్చే మిగిలిన క్రిములు చచ్చినయి, పులుపు లేదు, ఇల్లు కట్టి తాళం చెవి చేతిల పెట్టినట్టే. లోపల కూసొని విషం చేస్తది. చాన సార్లు వాసన రాదు, రంగు మారదు.

కుక్కర్ల 120 డిగ్రీలు వస్తది కదన్నా అని ఒకాయన వాదన పెట్టిండు. వస్తది, ఆవిరికి. సీసా నడిమిట్ల ఉన్న మటన్ ముక్కకు ఆ వేడి ఎప్పుడు చేరింది, ఎంతసేపు ఉన్నది, ఎట్ల తెలుస్తది? ఫ్యాక్టరీల డబ్బా లోపల అన్నిటికంటె ఆలస్యంగ వేడెక్కే జాగ 121 డిగ్రీల కాడ కనీసం మూడు నిమిషాలు ఉన్నంత వేడి తగలాలె అని లోపల వేడి కొలిచే వైరు పెట్టి చూసి టైం కడుతరు. మన కుక్కర్ విజిల్ కొట్టినప్పుడల్లా ప్రెషర్ దిగుతది, మళ్ల ఎక్కుతది. మూడు విజిల్స్ అన్నది అన్నానికి లెక్క, దీనికి కాదు.

తాతలు గట్ల చేయలే, వాళ్ల ఇండ్లల్ల కుక్కరే లేదు. వాళ్లు చేసింది మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, ఒరుగులు, ఎండు చేపలు. అంటే పులుపు, ఉప్పు, లేకుంటే నీరు లేకుండ ఎండబెట్టుడు, మూడూ ఆ క్రిమికి పడనియి. కూర ఎక్కువ రోజులు ఉండాల్నంటే డీప్ ఫ్రీజర్ల పెట్టుకోండి. కొన్న డబ్బా అయినా సరే ఉబ్బితే, కారితే, అతుకు కాడ సొట్ట పడితే ముట్టొద్దు, తెరిచినంక మిగిలింది స్టీలు గిన్నెల పోసి ఫ్రిజ్‌ల పెట్టాలె.

ఇప్పటికే ఆ మెసేజ్ చూసి సీసాలు పెట్టినోళ్లుంటే మూత తీసి నాలుక మీద వేసుకొని చూసుడు అస్సలు వద్దు, మూత తీయకుండనే కవర్ల చుట్టి పారేయండి. తిన్నోళ్లకు కనురెప్పలు వాలుతున్నా, ఒకటి రెండుగ కనబడుతున్నా, మాట ముద్దగ వస్తున్నా, గుటక పడకపోయినా ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ పెట్టించుకుంట కూసోవద్దు, శ్వాస మిషన్ ఉన్న పెద్ద దవాఖానకు అప్పటికప్పుడు తీస్కపోవాలె, పోయినంక సీసాల కూర తిన్నరని డాక్టర్‌కు ముందుగాల అదే చెప్పాలె.